వైట్ టౌన్ నుండి ఏ తీరానికి?

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో బస చేసే పరిశోధకులకు, దక్షిణాది క్షేత్రాలను దర్శిస్తూ ఆ మార్గాన వచ్చే భిక్షువులకు సాధారణంగా ఒక పూట తీరిక దొరుకుతుంది. ఆ పూట ఏ సముద్రతీరానికి వెళ్ళాలన్నది పైకి చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. బసకు నాలుగడుగుల దూరంలో గూబెర్ వీధి, దానిని ఆనుకొని నల్లరాళ్ళ గట్టు ఉన్నాయి. ఉత్తరాన సెరెనిటీ బీచ్, ఆరో బీచ్. దక్షిణాన చున్నాంబార్ నుండి పడవపై చేరుకొనే పారడైజ్ బీచ్. వీటికి నడుమ, రేవుకు ఆవలి ఒడ్డున వీరాంపట్టినం అనే జాలరుల ఊరు. పర్యాటకుడు ఇసుక మెత్తదనాన్ని, నీటి రంగును బట్టి ఎంచుకుంటాడు. అతని అవసరానికి అది చాలు. బౌద్ధ వారసత్వాన్ని వెదుకుతూ వచ్చినవారు మాత్రం ముందుగా మరొకటి తేల్చుకోవాలి: తాము నిలబడబోయే ఒడ్డు ఏ కాలానిది? పుదుచ్చేరి ఈనాటికీ రేవున్న పట్టణం. రేవు కోసం మనిషి చేసిన ప్రతి మార్పునూ ఇక్కడి ఇసుక నమోదు చేసింది.

ముందుగా బసకు ఎదుటనున్న తీరాన్నే చూద్దాం. గూబెర్ వీధి వెంట సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పొడవున సాగే ఆ రాళ్ళ గట్టును చూసి, ఇదే ప్రాచీన రేవు అనుకొనే యాత్రికులు తక్కువేమీ కాదు. గాంధీ విగ్రహం చుట్టూ నిలిపిన ఎనిమిది రాతి స్తంభాలు ఆ భ్రమను మరింత పెంచుతాయి. అవి సెంజి నుండి తెచ్చినవి, ఈ తీరానికి సంబంధించినవి కావు. 1761లో ఆంగ్లేయులు పట్టణాన్ని పట్టుకొని కోటను, భవనాలను నేలమట్టం చేశారు. 1765లో అది తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చిన తరువాతనే నేటి వైట్ టౌన్ వీధులు మళ్ళీ నిలిచాయి. ఓడలు ఒడ్డుకు వచ్చే వీలు ఆనాడు లేదు. అవి దూరంగా లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలను కుట్టి చేసిన మసులా పడవలు అలల మీదుగా సరుకును, మనుషులను చేరవేసేవి. తరువాత ఇనుప వారధి ఒకటి కట్టారు. 1952 తుపానులో అది దెబ్బతిన్నది. పొడవుగా సముద్రంలోకి సాగే వారధి అవసరమయిందంటేనే ఈ ఒడ్డు సహజమైన రేవు కాదని తెలుస్తుంది.

ఆ రాళ్ళు ఎందుకు వచ్చాయన్నది వేరే కథ. 1980ల చివర పట్టణానికి దక్షిణంగా, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట, రెండు రాతి కరకట్టలతో రేవు నిర్మించారు. కోరమండల తీరంలో నైరుతి రుతుపవన కాలపు అలలు ఇసుకను ఉత్తరంగా, ఈశాన్య రుతుపవన కాలపు అలలు దక్షిణంగా నెడతాయి. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. కరకట్టలు ఆ ప్రవాహానికి అడ్డు నిలిచాయి. ఇసుక దక్షిణపు వైపు పేరుకుపోయింది. ఉత్తరాన ఉన్న పట్టణపు బీచ్ కొన్నేళ్ళలోనే కరిగిపోయింది. కట్టకు అటు పేరుకున్న ఇసుకను ఇటు పంపే ఏర్పాటు కాగితం మీద ఉన్నంతగా పనిలో సాగలేదు. సముద్రం మీదికి రాకుండా రాళ్ళు పోశారు. రాళ్ళు పోసిన చోట కోత ఆగింది. అది మరింత ఉత్తరానికి, జాలరుల కుప్పాల మీదికి జరిగింది. కురుచికుప్పం, సోలైనగర్ మొదలుకొని తమిళనాడు సరిహద్దుకు ఆవలి పల్లెల దాకా ఇళ్ళ ముందున్న ఇసుక పోయింది. పడవలు లాగి పెట్టుకొనే చోటు, వలలు ఆరవేసుకొనే చోటు ఆ ఇసుకే. పాండీకాన్ అనే పౌరసంస్థ ఏళ్ళ తరబడి ఈ విషయాన్ని ప్రభుత్వం ముందు పెట్టింది. చివరకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో సచివాలయం ఎదుట నీటి అడుగున ఉక్కుతో చేసిన కృత్రిమ దిబ్బను దించింది. దాని వెనుక ఇసుక మళ్ళీ నిలవసాగింది. కనుక గూబెర్ వీధి ముందు నేడు పిల్లలు ఆడుకొనే ఇసుక వయస్సు పదేళ్ళకు మించదు. అక్కడ సూర్యోదయం చూడవచ్చు. క్రీస్తు శకపు తొలి శతాబ్దాలను ఊహించుకోవడానికి మాత్రం ఆ చోటు పనికిరాదు.

అయితే ఈ రేవు చరిత్రలో ఒక విచిత్రమైన పునరాగమనం ఉంది. 1980లలో ఇంజనీర్లు ఎంచుకొన్న అరియాంకుప్పం నదీముఖం, రెండు వేల ఏళ్ళనాటి వర్తకులు ఎంచుకొన్న నదీముఖమే. ఆ నది వంపులో, వైట్ టౌన్‌కు దక్షిణంగా సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నది అరికమేడు. అక్కడి ప్రాచీన పట్టణం బాహ్య సముద్రానికి ఎదురుగా నిలబడలేదు. సముద్రానికీ దానికీ నడుమ ఇసుకమేట ఉంది. ఓడలు నదీముఖం గుండా లోపలికి వచ్చి అలల తాకిడి లేని నీటిలో ఆగేవి. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుండి వర్తకం చేసిన పేరు తెలియని గ్రీకు నావికుడు రచించిన 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్'లో ఈ తీరపు రేవులుగా కమర, పొదుకె, సోపత్మ అనే మూడు పేర్లు కనిపిస్తాయి. తీరం వెంట తిరిగే స్థానిక నావలను, గంగాముఖానికీ సువర్ణభూమికీ వెళ్ళే పెద్ద ఓడలను ఆ గ్రంథం వేరువేరుగా పేర్కొంటుంది. టాలమీ కూడా పొదుకెను వర్తకస్థానంగా చెప్పాడు. పొదుకె అంటే అరికమేడే అన్నది నేడు ఎక్కువమంది అంగీకరించే గుర్తింపు.

అరికమేడును పండితలోకం దృష్టికి తెచ్చిన వ్యక్తి తెలుగు బౌద్ధ క్షేత్రాలకు కొత్తవాడు కాదు. పుదుచ్చేరి కళాశాలలో అధ్యాపకుడైన జి. జూవో-దుబ్రెయ్, 1926లో పల్నాటి గోలి గ్రామంలో స్తూప శిల్పాలను వెలికితీసినవాడు. దక్కను ప్రాచీన చరిత్రపై ఆయన గ్రంథం 1920లోనే వెలువడింది. 1937లో అరికమేడు దిబ్బ మీద ఆడుకొనే పిల్లల దగ్గర పూసలు, చెక్కిన రత్నపు రాళ్ళు ఆయన కంటబడ్డాయి. వాటిలో ఒక దానిపై ఉన్న ముఖం రోమను చక్రవర్తి ఆగస్టస్‌దని ఆయన భావించాడు. గోలిలో శిల్పాలు చూసిన కన్ను, ఇక్కడ ఏటిగట్టున గాజుపూసలనూ చూడగలిగింది. 1944లో మద్రాసు మ్యూజియం బీరువాలో రోమను ఆంఫొరా జాడీ ముక్కను గుర్తుపట్టిన మార్టిమర్ వీలర్ వెంటనే పుదుచ్చేరికి వెళ్ళాడు; 1945లో ఎ. ఘోష్, కృష్ణదేవల తోడ్పాటుతో తవ్వకాలు జరిపాడు. ఆ తరువాత 1947 నుండి 1950 వరకు జె. ఎం. కసాల్, 1989 నుండి 1992 వరకు విమలా బేగ్లీ బృందం తవ్వారు.

వీలర్ ఈ చోటును 'ఇండో-రోమన్ వర్తకస్థానం' అన్నాడు. ఆ మాట పర్యాటక ఫలకాల మీద నేటికీ నిలిచి ఉంది. నడుమ వృత్తాకారంలో చక్రపు నొక్కులతో అలంకరించిన 'రూలెటెడ్' పళ్ళేలను కూడా ఆయన మధ్యధరా ప్రాంతపు సరుకుగానే భావించాడు. బేగ్లీ ఆ అభిప్రాయాన్ని మార్చారు: పద్ధతిలో విదేశీ ప్రభావం ఉన్నా ఆ పాత్రలు భారతీయ కుమ్మరుల చేతివే; ఊరు కూడా రోమను వర్తకానికి ముందే ఉంది, ఆ తరువాతా కొనసాగింది. 1990లలో విశ్వాస్ గోగ్టే జరిపిన మట్టి పరీక్షలు ఆ పాత్రల మూలాన్ని గంగానది దిగువ ప్రాంతం వైపు చూపించాయి. ఈ సవరణ కుండపెంకుల నిపుణులకే పరిమితమైన విషయం కాదు. అదే రకపు పెంకులు అమరావతిలో, శాలిహుండంలో, అనురాధపురంలో, బాలి ద్వీపపు సెంబిరాన్‌లో దొరికాయి. ఈ చోట్లలో మొదటి మూడూ బౌద్ధ క్షేత్రాలే. రోముకు పోయే దారి మీదనే దృష్టి నిలిపినంతకాలం అరికమేడు ఒక విదేశీ గిడ్డంగిగా కనిపించింది. ఆ పెంకుల దారి పట్టుకొని చూస్తే బంగాళాఖాతం చుట్టూ భిక్షువులు, వర్తకులు కలిసి ప్రయాణించిన వలయంలో అది ఒక మజిలీ అవుతుంది. కుండపెంకుల మీద బ్రాహ్మీ లిపిలో తమిళ, ప్రాకృత పేర్లు రెండూ గీసి ఉండటం దీనికి బలమిస్తుంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. అరికమేడును 'బౌద్ధ రేవు' అని ధైర్యంగా పిలిచే వ్యాసాలు, ఉపన్యాసాలు ఇటీవల పెరిగాయి. 'అరుగన్' అంటే అర్హంతుడు గనుక అరుగన్ మేడు అంటే బుద్ధుని దిబ్బ అని ఒక వ్యుత్పత్తి. 'అరుగు' అంటే కోసుకుపోవు గనుక అది కోసుకుపోయే దిబ్బ అని మరొకటి. తమిళంలో అరుగన్ అన్న మాట జినునికీ చెల్లుతుంది. మూడు విడతల తవ్వకాలలోనూ అక్కడ స్తూపం గానీ విహారం గానీ బయటపడలేదు. పూసల తయారీ ఆనవాళ్ళు, గోడలు, తొట్లు, వీలర్ గిడ్డంగిగా భావించిన పొడవైన కట్టడం, ద్రాక్షసారా, ఆలివ్ నూనె తెచ్చిన జాడీలు దొరికాయి. ఒక్క పేరు మీద విహారాన్ని కట్టడం చరిత్రకు గాని ధర్మానికి గాని మేలు చేయదు.

అలాగని ఈ తీరానికి బుద్ధుని స్మృతి లేదనడమూ తొందరపాటే. ఒక సాక్ష్యం ఉంది. అది తవ్వకాల కంటే చాలా పాతది. సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని పరిశీలించడానికి వచ్చిన ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు గియోమ్ లె జాంతి 1768 నుండి 1770 వరకు పుదుచ్చేరిలో ఉన్నాడు. 1769 జూన్‌లో ఆ ఉదయం మబ్బులు కమ్మి ఆయన చూడవలసింది చూడలేకపోయాడు. ఆ దురదృష్టం ఎంతగా ప్రసిద్ధమైందంటే, ఆయన నేల మీద చూసినదాన్ని లోకం దాదాపు మరచిపోయింది. వీరాంపట్టినం పరిసరాలలో ఒక రాతి ప్రతిమను ఆయన చూశాడు. అది సయామువారు పూజించే 'సొమ్మొనకొదొం'ను పోలి ఉందని, స్థానికులు దానిని 'బౌత్' అంటారని, ఆ ఆరాధన అప్పటికే లోపించిందని తన యాత్రాగ్రంథంలో నమోదు చేశాడు. సొమ్మొనకొదొం అంటే సమణ గోతముడే. మహాబలిపురం గురించి విలియం ఛాంబర్స్ రాసి, 'ఏషియాటిక్ రిసర్చెస్' తొలి సంపుటిలో అచ్చయిన వ్యాసంలో ఈ విషయం మళ్ళీ ప్రస్తావనకు వచ్చింది. భారతదేశంలో బుద్ధుని చారిత్రకత మీద యూరపు పండితుల చర్చ ఇంకా మొదలు కాకముందే, ఒక జాలరుల ఊరి వారు ఒక ప్రతిమను ఆ పేరుతో గుర్తు పెట్టుకొన్నారు. పూజ ఆగిపోయినా పేరు మిగిలింది. సమీపంలోని కాక్కాయన్‌తోప్పులో బుద్ధ ప్రతిమ ఆరాధన సంగతిని అరికమేడు పరిశోధకులు కూడా పేర్కొన్నారు. ప్రతిమలు రేవు చివరి దశకో, ఆ తరువాతి చోళుల కాలానికో చెందవచ్చు. మొదటి శతాబ్దపు వర్తకులతో వాటిని ముడిపెట్టే ఆధారం లేదు. నాగపట్టణంలో శ్రీవిజయ రాజు పేరిట చూడామణి విహారం వెలసినది పదకొండవ శతాబ్దపు ఆరంభంలో అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. కోరమండల తీరపు బౌద్ధం తొలి శతాబ్దాలతో ముగిసిపోలేదు.

తెలుగు తీరంతో పోల్చి చూస్తే అరికమేడు ప్రత్యేకత మరింత తేటపడుతుంది. విశాఖపట్నం కూడా పనిచేస్తున్న రేవే. 1933లో రేవు ప్రారంభమైంది. అలలకు అడ్డుగా 'జానస్', 'వెల్లెస్డన్' అనే రెండు పాత ఓడలను ముంచి కరకట్ట చేశారు. అక్కడ కూడా రేవుకు ఉత్తరాన రామకృష్ణ బీచ్ కోతకు గురవుతూనే ఉంది. తవ్వి తీసిన ఇసుకను తెచ్చి పోస్తూనే ఉన్నారు. కాని బావికొండ, తొట్లకొండ, భీమునిపట్నం పావురాలకొండ విహారాలకు ఆ బాధ లేదు. ఆనాటి భిక్షుసంఘం సముద్రం కనిపించే కొండలను ఎంచుకొంది. తొట్లకొండలో రోమను వెండి నాణేలు దొరికాయంటే వర్తకులు కొండ ఎక్కి దానాలు ఇచ్చారన్నమాట. అక్కడ మంగమారిపేట తీరం నుండి తల ఎత్తితే చాలు, రేవుకూ విహారానికీ ఉన్న సంబంధం కంటికి కనిపిస్తుంది. కృష్ణా ముఖద్వారంలో కథ మరొకటి. టాలమీ కొంటకొస్సిల అని పేర్కొన్న ఘంటసాలలో మహానావికుడు శివకుని పేరు శాసనంలో నిలిచింది. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి శాసనం కంటకసెల మహాచైత్యాన్ని తలచింది. నేడు ఆ స్తూపం పక్కన పడవ లేదు, అల లేదు. నది తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని దూరంగా నెట్టి వరిపొలాలను పరచింది. ఘంటసాల నుండి సముద్రం వెళ్ళిపోయింది. అరికమేడులో నది ఇంకా ఉంది. ఉండటమే దాని ప్రమాదం.

ఆ గట్టు ఏటేటా కోసుకుపోతున్నది. వీలర్ వచ్చేనాటికే ఒడ్డు కోతలో ఇటుక గోడలు, కుండపెంకులు బయటికి కనిపించేవి. అంతకు ముందు పద్దెనిమిదవ శతాబ్దంలోనే గ్రామస్థులు పాత ఇటుకలను పెళ్ళగించి తీసుకుపోతున్నట్లు ఫ్రెంచి కాగితాలలో ఉంది. దిబ్బ మీద నేడు కనిపించే గోడలు రోమను కాలానివని చూపించే మార్గదర్శకులు ఉన్నారు. అవి అదే శతాబ్దంలో ఫ్రెంచి మతప్రచారకులు నడిపిన గురుకులపు శిథిలాలు. ప్రాచీన కట్టడాలన్నీ తవ్వకాల తరువాత మళ్ళీ మట్టి కప్పుకున్నాయి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణ ఉన్నప్పటికీ, వానకాలం తరువాత గట్టు వెంట పెంకులు, పూసలు తేలుతూనే ఉంటాయి. భక్తితో వచ్చినవారు జ్ఞాపకంగా ఒక పూసను పట్టుకుపోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. పొర నుండి వేరైన పూస దేనికీ సాక్ష్యం ఇవ్వలేదు. అదిన్నాదానం నుండి విరమించే శీలాన్ని నిత్యం పఠించేవారికి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

ఇక ఒక పూట మాత్రమే ఉన్నవారు ఏ తీరాన్ని ఎంచుకోవాలి? పారడైజ్ బీచ్‌కు పోయే పడవ ప్రయాణాన్ని పరిశోధకులు వినోదమని కొట్టివేస్తారు గాని, నదికీ సముద్రానికీ నడుమ ఇసుకమేట ఎలా ఏర్పడుతుందో అక్కడ ఉన్నంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. పెరిప్లస్ కాలపు నావికుడు వెదికిన నెమ్మది నీరు అటువంటిదే. పగలు మాత్రమే పడవలు తిరుగుతాయి గనుక దానికి సమయం ఎక్కువ పడుతుంది. సెరెనిటీ బీచ్‌లోని రాళ్ళ కట్టలు చూడదగినవే. రేవు కట్టడం ఎవరి ఇంటి ముందరి ఇసుకను తీసుకుపోతుందో తెలుసుకోవడానికి అవి ఉపయోగపడతాయి. కాని మొదటి ఓటు అరికమేడు ఏటిగట్టుకే. అది బీచ్ కాదన్న అభ్యంతరం వినిపించవచ్చు. ఆనాటి రేవు ఒడ్డు మాత్రం అదే. ఉదయం అక్కడ గంటసేపు గడిపి, తరువాత వీరాంపట్టినం ఊరి గుండా సముద్రం వైపు నడవడం మంచిది. ఆ ఊరి సెంగళునీర్ అమ్మన్ ఆలయపు ఆడి మాసపు రథోత్సవం పేరుపొందినది. ఫ్రెంచి గవర్నరు రథం తాడు పట్టే ఆచారాన్ని నేడు లెఫ్టినెంట్ గవర్నరు కొనసాగిస్తున్నారు. ఊరు దాటితే వచ్చే ఇసుక విశాలంగా, అందంగా ఉంటుంది. ఆ వైశాల్యంలో కొంత భాగం ఉత్తరాన కరకట్ట ఆపివేసిన ఇసుక అని తెలిసినవారు వైట్ టౌన్ ముందున్న రాళ్ళను కూడా కొత్తగా చూడగలుగుతారు. ఆ తీరంలో ఈత ప్రమాదకరం. నదీముఖం దగ్గర ప్రవాహాలు బలంగా ఉంటాయి.

తిరిగి వచ్చాక సెయింట్ లూయీ వీధిలోని పుదుచ్చేరి మ్యూజియం చూడవలసినది. అరికమేడు పూసలు, ఆంఫొరా ముక్కలు అక్కడ ఉన్నాయి. వాటిని ముందుగా చూసి ఏటికి వెళ్ళడం కంటే, ఏటిని చూసి వచ్చి వాటిని చూడడం మేలు. ఖాళీ గట్టు మీద ఏమి లేదో అప్పటికి తెలిసి ఉంటుంది. తెలుగు పాఠకులు రూలెటెడ్ పెంకుల ముందు కొంత ఎక్కువసేపు ఆగవచ్చు. అటువంటి పళ్ళెమే శాలిహుండం కొండ మీద, వంశధార కనిపించే చోట, ఎవరో భిక్షువు చేతిలో ఉండి ఉంటుంది. వీరాంపట్టినంలో లె జాంతి చూసిన ప్రతిమ ఇప్పుడు ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నను కాక్కాయన్‌తోప్పు పెద్దలను అడిగి, వారు చెప్పే మాటలను తేదీతో సహా రాసి ఉంచే పని ఏ సందర్శక బృందమైనా చేయగలదు. దానికి తవ్వకపు అనుమతి అక్కరలేదు. తమిళం తెలిసిన ఒక మనిషి తోడుంటే చాలు.